మళ్లీ తిత్లీ వస్తే పలాస జీడి షెడ్లు నిలబడతాయా? కంప్యూటర్ ‘ఓకే’ అన్నా ఈ లెక్కలు చూడాల్సిందే!

పలాస: అక్టోబర్ వచ్చిందంటే చాలు.. ఉద్దానం గుండెల్లో దడే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. మొదటి రెండూ గోపాలపూర్, విశాఖ వైపు తీరం దాటాయి. తిత్లీ మాత్రం పలాస దగ్గరే విరుచుకుపడింది. తెల్లవారుజామున 4.30 నుంచి 5.30 మధ్య గంటకు 140-150 కిలోమీటర్లు, ఒక్కోసారి 165 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయన్నది వాతావరణ శాఖ లెక్క. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలాయి. రేకుల కప్పులు ఎగిరిపోయాయి.

తోటను తుఫాన్ నుంచి కాపాడటం ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ షెడ్డు సంగతి వేరు. దాన్ని లెక్క వేసే కడతారు కదా! పైగా 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు చుట్టూ రేపు గోదాములు లేవడం ఖాయం. ఇప్పుడు ఈ డిజైన్లన్నీ స్టాడ్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్లలోనే అవుతున్నాయి. టెక్కలి ఇంజినీరింగ్ కుర్రాళ్లు నేర్చుకునేవీ ఇవే. చిక్కేంటంటే, మనం ఏ గాలి ఇస్తే సాఫ్ట్‌వేర్ దానికే డిజైన్ చేస్తుంది. ఆ గాలి సరైనదా అని అది అడగదు.

50 అని కొడితే సరిపోతుందా?

గాలి లెక్కలకు మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగమే ఆధారం. విశాఖకు అందులో ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తిత్లీ 165 కదా, మరి ఎందుకు కూలాయన్న డౌట్ ఎవరికైనా వస్తుంది. చాలా పాత షెడ్లకు అసలు లెక్కే ఉండదు, మేస్త్రీ అనుభవమే డిజైన్. లెక్క ఉన్నచోట కూడా ఒక మెలిక ఉంది.

2015లో సవరించిన కోడ్‌లో కె4 అనే గుణకం వచ్చింది. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఫ్యాక్టరీ షెడ్లకు 1.15, ఆస్పత్రులు, స్కూళ్లు, తుఫాన్ షెల్టర్లకు 1.30 వాడాలి. పలాస, టెక్కలి, ఉద్దానం మొత్తం ఈ పరిధిలోకే వస్తాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి లాంటివి 1.30 కిందికి వస్తాయి.

15 శాతమే కదా అనుకుంటే పొరపాటే. పీడనం వేగానికి వర్గంలో పెరుగుతుంది. మిగతా గుణకాలు 1 అనుకుంటే 50 మీటర్ల గాలికి చదరపు మీటరుపై సుమారు 150 కిలోల పీడనం. కె4 1.15 పెడితే 200 దాటుతుంది. 1.30 పెడితే దాదాపు 260! ఇంకోటి.. గాలి దిశ పేరుతో మామూలు ప్రాంతాల్లో 10 శాతం తగ్గింపు ఉంటుంది. తుఫాన్ ప్రాంతాలకు ఆ రాయితీ లేదు. హైదరాబాద్ ప్రాజెక్టు ఫైల్ కాపీ చేసి పేరు మార్చేసే అలవాటుంటే 0.9 అలాగే ఉండిపోతుంది.

తలుపు తెరిచి ఉంటే?

జీడిపప్పు యూనిట్లకు గాలీ వెలుతురూ కావాలి, లారీ లోపలికి రావాలి. గోడలో తెరిచిన భాగం 5 శాతం లోపైతే లోపలి పీడన గుణకం 0.2. అదే 20 శాతం దాటితే 0.7. డ్రాయింగ్‌లో షట్టర్ మూసే ఉంటుంది. తుఫాన్ రాత్రి అది ఊడిపోయిందనుకోండి.. లోపల గాలి పైకి తోస్తుంది, బయట గాలి పైకి లాగుతుంది. రెండూ కలిసి కప్పును లేపేస్తాయి. అందుకే షట్టర్ పోయిన కేసును కూడా విడిగా రన్ చేసి చూడటం మంచిది.

‘బరువు తగ్గించు’ అంటే..

ఆప్టిమైజేషన్ బటన్ అంటే ఓనర్లకు మహా ఇష్టం, ఇనుము ఖర్చు తగ్గుతుంది మరి. కానీ ఇక్కడ ప్రమాదం కిందికి పడే బరువు కాదు, పైకి లేచే గాలి. రేకులు, పర్లిన్లు కలిపినా చదరపు మీటరుకు ఇరవై, పాతిక కిలోలకు అటూ ఇటూ. కప్పు తేలికైన కొద్దీ గాలికి అడ్డు తగ్గుతుంది. కాబట్టి స్టీల్ కోడ్ ఐఎస్ 800 చెప్పే 0.9 రెట్ల సొంత బరువు, 1.5 రెట్ల గాలి కాంబినేషన్ లిస్టులో ఉందో లేదో ముందు చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ మనం పెట్టిన హద్దులనే గౌరవిస్తుంది. రేకు పట్టే హుక్కులు, పునాది బోల్టులు మోడల్‌లోనే లేకపోతే వాటి గురించి ఏమీ చెప్పదు. ఎగిరిపోయేది మాత్రం అక్కడి నుంచే! కప్పు అంచులు, మూలల్లో లాగుడు ఇంకా ఎక్కువ. ఆ గుణకాలు కోడ్‌లో వేరుగా ఉన్నాయి. అక్కడ హుక్కులు దగ్గర దగ్గరగా వేయాలి.

ఫలితం వచ్చాక అన్ని సపోర్టుల రియాక్షన్లు కూడి, చేత్తో వేసిన మొత్తం గాలి బలంతో పోల్చి చూడండి. కిలోలు, న్యూటన్ల గందరగోళం అక్కడే బయటపడుతుంది. ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్‌తో గాలి ప్రవాహాన్ని రంగుల్లో చూడొచ్చు. మెష్ చిన్నది చేసిన ప్రతిసారీ జవాబు మారిపోతుంటే మాత్రం ఆ రంగులకు విలువ లేదు.

షెడ్డు ఓనర్లు డబ్బులు కట్టే ముందు డిజైనర్‌ను కె4 ఎంత, లోపలి పీడనం ఎంత, హుక్కు లెక్క ఎక్కడ అని అడగాలి. ఈ మూడూ ఒక్క కాగితంలో సరిపోతాయి. ఉప్పు గాలికి తుప్పు పట్టిన హుక్కులను మాత్రం ఏటా సెప్టెంబర్‌లోనే నిచ్చెన ఎక్కి చూసి మార్చుకోవాలి. కంప్యూటర్‌కు తెలిసింది కొత్త హుక్కు మందమే.