మా ఇంట్లో బెస్ట్ డిఫెండర్ గొడవ

కబడ్డీలో అందరికన్నా గొప్ప డిఫెండర్ ఎవరు? ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరైనా ఎత్తారంటే ఆ పూట అన్నాలు చల్లారిపోవలసిందే. రాంబిల్లిలో ఉన్నవాళ్ళం, సంక్రాంతికి చెడుగుడు చూస్తూ పెరిగినవాళ్ళం, మాకు ఆ మాత్రం పిచ్చి ఉండకుండా ఎలా ఉంటుంది చెప్పండి. మా అత్తగారైతే ఇప్పటికీ కబడ్డీ అనరు, చెడుగుడే. రైడర్ని "కూతకెళ్ళినోడు" అనే అంటారు. 2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మన విశాఖపట్నంలోనే మొదలైంది కదా, అప్పటినుంచి ఈ గొడవ మరీ ముదిరింది.

మా వారిది మంజీత్ చిల్లర్ పార్టీ. 2014లో మొదటి సీజన్ నుంచీ చూస్తున్న మనిషి. "ఈ లీగ్‌లో 300 ట్యాకిల్ పాయింట్లు మొట్టమొదట దాటింది ఎవరు? మంజీత్. అవసరమైతే కూతకి కూడా వెళ్ళేవాడు. ఇంక మాట్లాడకండి" అంటారు. మా మరిది ఫజల్ అత్రాచలి పక్షం. ఇరాన్ నుంచి వచ్చి, లెఫ్ట్ కార్నర్‌లో నిలబడి, 500 ట్యాకిల్ పాయింట్లు దాటేసిన మనిషి. అందరూ సుల్తాన్ అని ఊరికే పిలుస్తారా అంటాడు. మా అబ్బాయికి వీళ్ళిద్దరూ పాతవాళ్ళు. వాడికి దేవుడు మొహమ్మద్ రెజా షాద్లూయి. అతనూ ఇరానీయే, అతనిదీ లెఫ్ట్ కార్నరే. 2022లో ఢిల్లీ మీద ఒక్క మ్యాచ్‌లోనే 16 ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు.

ముగ్గురూ గొంతులు పెంచి అంకెలు విసురుకుంటారు. 100 దాటిందెవరు, ఒక సీజన్లో ఎక్కువెవరు, ఒక మ్యాచ్‌లో ఎక్కువెవరు. మధ్యలో ఎవరో ఒకరు 2018లో ఒకే సీజన్లో 100 ట్యాకిల్ పాయింట్లు చేసిన నితేష్ కుమార్‌ని తీసుకొస్తారు. మళ్ళీ మొదలు.

ఇలా ఉండగా ఒకరోజు మా అత్తగారు అడిగిన మాట నా మనసులో నిలిచిపోయింది. "ఏటిరా, ఎప్పుడూ కాలట్టుకున్నోడి పేరే సెప్తాడు ఆ టీవీ ఓడు. ఎనకనుంచొచ్చి గుద్దినోడి పేరు సెప్పడేటి? ఆడు రాకపోతే ఈడు గీత దాకా ఈడ్సుకుపోడేటి?"

ముగ్గురూ నవ్వేశారు. నాకు మాత్రం అసలు వాదన అదే అనిపించింది. అందుకే ఈ పోస్టు.

కబడ్డీ అంతగా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బరిలో ఏడుగురు నిలబడతారు. రెండు చివరలా ఉండేవాళ్ళు కార్నర్లు. మధ్యకి దగ్గరగా, అటొకరు ఇటొకరు ఉండేవాళ్ళు కవర్లు. కూతకి వచ్చినవాడికి 30 సెకన్లు టైము. అతను లోపలికి దిగాక సాధారణంగా కార్నర్ ఆటగాడు చీలమండ దగ్గరో తొడ దగ్గరో పట్టు వేస్తాడు. పట్టు పడగానే రైడర్ ఏం చేస్తాడు? ఒళ్ళంతా సాగదీసి మధ్య గీత మీదకి దూకుతాడు. వేలు తగిలితే చాలు కదా. ఆ దూకేవాడికి ఎదురెళ్ళి దారి మూసేదో, గుద్ది బయటికి తోసేదో చాలాసార్లు కవర్ ఆటగాడే. మొదటి పట్టు రైడర్ని ఆపుతుంది, రెండో పట్టు అవుట్ చేస్తుంది. కానీ ట్యాకిల్ పాయింటు ఒక్కరి పేరు మీదే రాస్తారు, అదీ మొదట పట్టినవాడి పేరు మీద.

సరే, ఆటన్నాక ఎవరో ఒకరి పేరు రాయాలి అనుకోవచ్చు. కానీ ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆ పట్టు విఫలమై రైడర్ గీత తాకేశాడనుకోండి. అప్పుడు అతన్ని తాకిన ప్రతి డిఫెండరూ అవుటే. ఒక్కడే పట్టి వదిలేస్తే ఒక్క పాయింటు పోతుంది. సాయానికి ఇంకొకడు వెళ్ళి ఉంటే రెండు పోతాయి. అంటే రెండోవాడు నష్టంలో సమాన భాగస్తుడు, లాభంలో మాత్రం అతని పేరు లేదు. అది తెలిసి కూడా అర సెకనులో వెళ్ళాలా వద్దా తేల్చుకుని వెళ్తాడు చూడండి, నా దృష్టిలో డిఫెన్సు అంటే అదీ.

అందుకే నా ఓటు సునీల్ కుమార్‌కి. రైట్ కవర్. గుజరాత్ జట్టు 2017, 2018 సీజన్లలో వరసగా రెండుసార్లు ఫైనల్‌కి వెళ్ళినప్పుడు పర్వేష్ భైన్స్‌వాల్‌తో కలిసి కవర్లలో నిలబడ్డాడు. రెండుసార్లూ ఓడారు, అది వేరే సంగతి. 2022లో జైపూర్‌కి కెప్టెన్‌గా ఫైనల్లో పూణే మీద 33-29తో కప్పు తెచ్చాడు. 2024 వేలంలో యూ ముంబా అతన్ని కోటీ లక్షన్నర పెట్టి కొనుక్కుంది. అప్పటికి ఇండియా డిఫెండర్లలో అదే పెద్ద ధర. అంటే ఆట తెలిసి డబ్బు పెట్టేవాళ్ళకి కవర్ విలువ తెలుసన్నమాట. తెలియనిది మనకే, మన పాయింట్ల పట్టికలకే.

మా అబ్బాయి దీనికి ఒప్పుకోడు. "అమ్మా, 2023 వేలం గుర్తుందా? మన టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కి 2 కోట్ల 60 లక్షల పైన పెట్టారు. పూణే వాళ్ళు షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పెట్టారు. మనం 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి ఆఖర్న ఉన్నాం. వాళ్ళు కప్పు కొట్టారు. దీనర్థం ఏంటి?" అంటాడు.

వాడి లెక్క కరెక్టే. పవన్ తన వంతు పాయింట్లు బాగానే తెచ్చాడు, కానీ అతను వెనక్కి వచ్చాక కాచుకునే జట్టు మనకి లేకపోయింది. డిఫెన్సు లేకపోతే ఎంత ఖరీదైన రైడరైనా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. అంతవరకు నేనూ వాడి పక్షమే. కానీ అదే పూణే జట్టులో అబినేష్ నడరాజన్, సంకేత్ సావంత్ కవర్లలో లేకపోతే షాద్లూయి పట్టిన పట్టుల్లో ఎన్ని నిలబడేవి? ఆ రెండు పేర్లూ మా వాడు ఒక్కసారైనా గట్టిగా అరవగా నేను వినలేదు.

2018 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి కూడా చెప్పాలి. 1990 నుంచి ఒక్కసారి కూడా బంగారం వదలని మన మగవాళ్ళ జట్టు సెమీస్‌లో ఇరాన్ చేతిలో 27-18తో ఓడిపోయింది. ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నాం ఆరోజు. మా మరిది ఇప్పటికీ దాన్ని ఫజల్ గెలుపు అంటాడు. మన రైడర్లంతా కలిసి 18 దగ్గర ఆగిపోయారంటే ఒక్క లెఫ్ట్ కార్నర్ చేసిన పనా అది? ఒకడు పడితే ముగ్గురు మీద పడ్డారు. జట్టు మొత్తం గోడలా కదిలింది. ఫజల్ గొప్పవాడే, కాదనను. అతని గొప్పతనంలో సగం పక్కవాళ్ళని సమయానికి రప్పించుకోవడంలోనే ఉంది.

"నువ్వు వంటింట్లో కవర్ ప్లేయరువి కాబట్టి వాళ్ళని వెనకేసుకొస్తున్నావు" అని మా వారి వేళాకోళం. కాదండీ. నేను నాకోసం అడగడం లేదు. మా అమ్మాయి కోసం అడుగుతున్నాను.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కాలేజీ జట్టులో రైట్ కవర్ ఆడుతుంది. ఈమధ్య కాలేజీల మధ్య పోటీల్లో వీళ్ళ జట్టు సెమీస్ దాకా వెళ్ళింది. తర్వాత పెద్ద జట్టుకి ఎంపిక జరిగితే ఇద్దరు రైడర్లనీ ఒక కార్నర్ అమ్మాయినీ తీసుకున్నారు. ఆ కార్నర్ అమ్మాయి చాలా మంచి ఆటగత్తె, మా ఇంటికి వచ్చి తినిపోయే పిల్ల, తనకి రావలసిందే. కానీ స్కోరు షీటులో ఆమె పేరు పక్కనున్న పాయింట్లలో సగానికి మా అమ్మాయి భుజం కూడా ఉంది. ఆ భుజానికి నేను ఇంట్లో వేడినీళ్ళ కాపడం పెట్టాను కాబట్టి నాకు తెలుసు. కాగితం మీద మాత్రం అది లేదు.

ఇప్పుడు ఇంట్లో అందరూ ఒకటే పాట. "కూతకి వెళ్ళడం నేర్చుకో, రైడర్ అయితేనే పేరు, పేరుంటేనే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టుంటేనే స్పోర్ట్స్ కోటా." పిల్ల కూడా మెత్తబడి, పొద్దున్నే లేచి బోనస్ గీత మీద కాలు పెట్టడం ప్రాక్టీసు చేస్తోంది. నేర్చుకుంటే తప్పు లేదు, అన్నీ రావాలి. కానీ తనకి చక్కగా వచ్చిన పనిని, పేరు రావడం లేదన్న ఒక్క కారణంతో వదిలేయడం నాకు మింగుడు పడటం లేదు. ఇలా ఒక్కొక్క జట్టులో ఒక్కొక్క కవర్ ఆటగత్తె రైడర్ అయిపోతే రేపు పట్టు నిలిపేదెవరు?

కాబట్టి నేను అడిగేది చిన్న విషయం. ఫుట్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ గోలుకి బంతి అందించినవాళ్ళ పేరు కూడా రాస్తారు, దాన్ని అసిస్ట్ అంటారు. కాలేజీ పోటీల్లో స్కోరు రాసేవాళ్ళు ట్యాకిల్ పాయింటు పక్కన రెండో పేరుకి ఒక గడి గీస్తే సరిపోతుంది. రూపాయి ఖర్చు లేదు. రూల్సు మార్చక్కర్లేదు, పాయింటు ఒకటే ఉంటుంది. ఎంపిక చేసేవాళ్ళు ఆ గడి కూడా చూడాలి, అంతే. ఇద్దరు ముగ్గురు మీద పడినప్పుడు రెండోవాళ్ళెవరో తేల్చడం కష్టం అంటారు మా వారు. కష్టమే. మొదటివాళ్ళెవరో తేల్చడం కూడా చాలాసార్లు కష్టమే, అయినా తేలుస్తున్నారు కదా.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట. మీ పిల్లలు ఆట నుంచి రాగానే "ఎన్ని పాయింట్లు తెచ్చావు?" అని అడక్కండి. "ఎవరికి సాయం వెళ్ళావు?" అని అడిగి చూడండి. మా అమ్మాయిని అలా అడిగిన రోజు అరగంట ఆపకుండా చెప్పింది. ఏ రైడర్ ఎటు తిరుగుతుందో, తను ఎప్పుడు కదలాలో, ఎప్పుడు కదలకుండా ఉండటమే మేలో. అంత ఆట ఆ పిల్ల తలలో ఉందని పాయింట్ల పట్టిక ఎప్పుడూ చెప్పలేదు.

మీ ఇంట్లో ఓటు ఎవరికో చెప్పండి. ఫజల్ అన్నా, మంజీత్ అన్నా, షాద్లూయి అన్నా నేను తగువుకి రాను. పక్కన కవర్లో ఎవరున్నారో ఆ పేరు కూడా కలిపి చెప్పండి చాలు. మా అత్తగారికి చదివి వినిపించాలి.