మొద్దు అనే ముందు

పాఠశాలలో ఒక మాట విచారణ లేకుండానే తీర్పుగా చెల్లిపోతున్నది. ఆ మాట ‘మొద్దు’. కథ చెప్పితే శ్రద్ధగా విని, అడిగిన ప్రశ్నకు చక్కగా బదులు చెప్పే బాలుడు, అదే కథను వాచకంలో చదవమంటే పంక్తి పంక్తికీ తడబడతాడు. పద్యాన్ని రెండు మారులు వింటే అప్పగించగల బాలిక, దానినే వ్రాయమంటే ఒత్తులు విడిచిపెడుతుంది. ‘ప’కు ‘వ’ వ్రాస్తుంది. ఇట్టి పిల్లలు లేని బడి అరుదు. వారికి మందలింపు దొరుకుతున్నది, వెనుక బల్ల దొరుకుతున్నది. వారి కష్టం ఏమిటో తేల్చి చెప్పే పరీక్ష మాత్రం దొరకడం లేదు.

ఈ కష్టం లోకానికి కొత్తది కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు పదునాలుగేండ్ల బాలుని గురించి ఒక వైద్యపత్రికలో వ్రాశాడు. ఆ బాలుడు తెలివైనవాడు, ఆటలలో తోటివారికి తీసిపోనివాడు, కాని చదువలేడు. బోధన అంతా నోటిమాటగా సాగితే బడిలో అందరికంటె చురుకైనవాడు అతడే అవుతాడని, అతనికి చదువు చెప్పిన ఉపాధ్యాయుడే అభిప్రాయపడ్డాడు. ఆ బాలుని తెలివిని, అతని అక్షరాల ఇబ్బందిని వేరు చేసి చూడగలిగిన ఆ ఉపాధ్యాయుని దృష్టి గమనింపదగినది.

ఐతే ఉపాధ్యాయుని దృష్టికి శాస్త్రం తోడు కావాలి. 1904లో ఫ్రెంచి ప్రభుత్వం, సాధారణ బోధనతో ముందుకు సాగలేని పిల్లల సంగతి పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించినది. అందులో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, 1905లో సిమోన్‌తో కలిసి తన ప్రజ్ఞాపరీక్షను వెలువరించాడు. ఏ బిడ్డకు విశేషమైన తోడ్పాటు కావాలో తెలుసుకొనడమే దాని ఉద్దేశం. ప్రజ్ఞ పెరగని వస్తువనే వాదాన్ని బినే స్వయంగా నిరాకరించాడు. తరువాతి వారు ఆ కొలబద్దను ముద్రగా మార్చుకొన్నారంటే దోషం కొలబద్దది కాదు. 1913లో లండను కౌంటీ కౌన్సిలు తన పాఠశాలల కోసం ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుని ఉద్యోగంలో నియమించినది. శాస్త్రజ్ఞుడు బడికి రావాలన్న ఆలోచనకు నూరేండ్లు దాటినవన్న మాట.

భారతదేశంలో చట్టం లేకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరువది యొక్క వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. దానిని వీలైనంత త్వరగా కనిపెట్టి, తగిన బోధనా పద్ధతులు అవలంబించాలని ఆ చట్టం ఆదేశించినది. 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు, మూడవ తరగతి లేదా ఎనిమిదేండ్ల వయస్సు నాటికి ఉపాధ్యాయులే తొలి పరిశీలన చేయాలనీ, ప్రతి పాఠశాలలోను ప్రధానోపాధ్యాయుని అధ్యక్షతన ఒక సంఘం ఉండాలనీ చెప్పినవి. ఆ సంఘం పేరైనా విన్న గ్రామ పాఠశాలలు ఎన్ని?

సంఘం ఏర్పడి, బిడ్డను గుర్తించినదనే అనుకొందాం. ఆ తరువాతి దారి నగరానికి పోతుంది. పిల్లల వైద్యుడు చూడాలి, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పరీక్షించాలి, ఆ పిమ్మట ధ్రువపత్రం రావాలి. కూలిపనిమీద బ్రతికే తండ్రికి ప్రతి ప్రయాణం ఒకనాటి కూలి పోవడమే. కలిగినవారు ప్రైవేటు వైద్యశాలలో పరీక్ష చేయిస్తారు. వారి బిడ్డకు అదనపు సమయం, వ్రాతగాని సహాయం లభిస్తవి. లేనివారి బిడ్డ అదే కష్టంతో తప్పిపోయి, మొద్దు అనిపించుకొని, బడి మానుకొంటాడు. ఇద్దరికీ తేడా తెలివిలో లేదు, రొక్కంలో ఉన్నది.

భాష మరొక అడ్డు. ఆంగ్లంలో బీ, డీ అక్షరాలు తారుమారు కావడాన్ని గురించిన పరీక్ష, గుణింతంతోను ఒత్తులతోను కుస్తీ పడే తెలుగు బిడ్డను గురించి ఏమి చెప్పగలదు? తెలుగులో వ్రాసినట్లే చదువుతారు గనుక, తప్పులకంటె మందగమనమే ఇక్కడ ముఖ్యమైన గుర్తు కావచ్చును. బినే పరీక్షను వి. వి. కామత్ మరాఠీ, కన్నడ పిల్లల కోసం 1930ల దశకంలోనే సంస్కరించాడు. 2015లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం పఠన వైకల్యాన్ని గుర్తించే సాధనాలను వెలువరించినప్పుడు, మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఆంగ్లం ఉన్నవి, తెలుగు లేదు. ఈ పని వైద్యులది మాత్రమే కాదు. తెలుగు అక్షరాన్ని, వాచకాన్ని ఎరిగిన భాషాశాస్త్రజ్ఞులది, తెలుగు శాఖలది కూడ.

పేరు పెడితే బిడ్డ చిన్నబోతాడని కొందరి శంక. పేరు ఇప్పటికే పెట్టబడినది. అది అవమానకరమైన పేరు. దాని స్థానంలో సరియైన కారణాన్ని నిలపడమే పరీక్ష చేసే పని. ఐతే ధ్రువపత్రంతో బోధన ఆగిపోతే ఆ శంక నిజమే అవుతుంది. పరీక్ష తరువాత బోధన మారని చోట ఆ పరీక్ష వ్యర్థం.

చేయదగినది అసాధ్యం కాదు. మండలాలలో భవిత కేంద్రాలు ఉన్నవి. 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే ఉన్నది. కొన్ని మండలాలకు కలిపి ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుని నియమించి, నిర్ణీత దినాలలో ఆ కేంద్రాలకు వచ్చే ఏర్పాటు చేస్తే, బిడ్డ నగరానికి పోనక్కరలేదు. అంతవరకు ఉపాధ్యాయుడు చేయగలది కొంత ఉన్నది. ముందుగా కన్ను, చెవి పరీక్ష చేయించాలి. బిడ్డ ఎక్కడ ఆగుతున్నాడో, ఏ అక్షరం తప్పుతున్నాడో, నోటితో ఏమి చెప్పగలుగుతున్నాడో ఒక పుస్తకంలో తేదీతో వ్రాసి ఉంచాలి. రోగనిర్ణయం ఉపాధ్యాయుని పని కాదు. కాని రేపు పరీక్షించే శాస్త్రజ్ఞునికి అంతకు మించిన ఆధారం లేదు. తడబడే తోటివానిని చూచి నవ్వకుండా, పాఠం చదివి వినిపించడం విద్యార్థులు చేయగల సహాయం.

కన్ను కనబడని బిడ్డకు కళ్ళజోడు ఇప్పించక, నల్లబల్లమీది అక్షరం చదువలేదని దండించే ఉపాధ్యాయుని ఎవరూ మెచ్చరు. అక్షరం అందని బిడ్డకూ అదే న్యాయం వర్తించాలి.