భక్తులు నోరు విప్పినపుడు

బాగేపల్లి తాలూకా గూళూరునందును, సరిహద్దున కావలనున్న పుట్టపర్తియందును జనులు మాటలాడునది తెలుగే. రాష్ట్రములు వేఱైనను వైద్యమునకు, దర్శనమునకు ఈ ప్రాంతపువారు అటు పోవుట చిరకాలపు వాడుక. సత్యసాయిబాబాపై పూర్వభక్తులు చేసిన ఆరోపణలను ఈ నేలనుండి చూచినగాని వాని స్వరూపము బోధపడదు.

2000వ సంవత్సరమున ఆంగ్ల పియానో విద్వాంసుడు డేవిడ్ బెయిలీయు, ఆయన భార్య ఫేయును, కొన్నేండ్లు బాబాను సేవించినవారు, బాలురపై లైంగిక దురాచారము జరిగినదను వాఙ్మూలములను కూర్చి ప్రకటించిరి. ఆ సెప్టెంబరులో పుట్టపర్తి విద్యాసదస్సునుండి యునెస్కో తొలగెను. 2004లో బీ.బీ.సీ. చిత్రమున మఱికొందఱు పలికిరి. బాబాయు, సంస్థవారును వీనిని ఖండించిరి. ఏ న్యాయస్థానమును ఆయనను దోషిగా నిర్ణయింపలేదు. అమెరికాలో నొక పూర్వభక్తుడు అచటి సంస్థపై తెచ్చిన దావా 2006లో ఉపసంహరింపబడినది.

ఆరోపించువారిలో విదేశీయులే మెండు గనుక ఇది కుట్ర యని యొక వాదము కలదు. వినుట కింపుగనే యున్నది. కాని 1991లో వెలసిన ఉచిత వైద్యశాలయు, ఆ దశకముననే అనంతపురము జిల్లాలో ఏడువందలకు పైబడిన గ్రామములకు చేరిన త్రాగునీరును సత్యమైన ఉపకారములు. ఇంటి నీళ్లబిందె, తల్లి గుండెజబ్బునకు చికిత్స, కుమారుని చదువు ఒకే ద్వారమున వచ్చువాడు ఆ ద్వారముపై ఫిర్యాదు చేయునా? విమానమెక్కి స్వదేశమునకు పోగలవాడు చేయును. విశ్వాసమును వీడినవాడు బంధువర్గమును గూడ వీడవలసినచోట మౌనము నిర్దోషిత్వమునకు సాక్ష్యము కానేరదు.

విచారణకు యత్నించినవా డొకడు ఈ సీమలోనే పుట్టెను. గౌరీబిదనూరు తాలూకా హోసూరువాడైన హెచ్. నరసింహయ్య బెంగుళూరు విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలరుగ 1976లో అద్భుతముల పరిశీలనకు సంఘమును నియమించి బాబాకు లేఖలు వ్రాసెను. సమ్మతి రాలేదు. అది విభూతినిగూర్చిన ప్రశ్న. విద్యార్థులనుగూర్చిన ప్రశ్నకు, అంతకంటె గురుతరమైనదానికి, అట్టి సంఘమైనను ఏర్పడలేదు.

మఱి పెద్దలేమి చేసిరి? 2001 డిసెంబరులో ప్రధాని వాజ్‌పేయి, మాజీ ప్రధాన న్యాయమూర్తులు పి.ఎన్. భగవతి, రంగనాథ మిశ్రా మున్నగువారు ఆరోపణలు కల్పితములని యొక లేఖపై సంతకము చేసిరి. మన పాఠకులలో న్యాయవాదు లనేకులు గలరు. సాక్షిని పిలువక, ప్రశ్నింపక వెలువడిన తీర్పును వారు ఏ కోర్టున నంగీకరింతురు? అందు రెండు సంతకములు సర్వోన్నత న్యాయపీఠము నలంకరించినవారివి!

2011 ఏప్రిల్ 24న బాబా కాలధర్మము నొందిరి. ఆయనపై అభియోగ మిక నడువదు. అయినను 1976లో లేని సాధన మొకటి నేడు కలదు. 2012నాటి పోక్సో చట్టము ననుసరించి, పదునెనిమిదేండ్లు నిండని బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవాడు పోలీసులకు తెలుపకున్నచో శిక్షార్హుడు. మఠములును ఆశ్రమములును నడుపు వసతి పాఠశాలలలో ఎన్ని ఈ నిబంధనను తల్లిదండ్రులకు చెప్పుచున్నవో ఇరు రాష్ట్రముల విద్యాశాఖలును విచారింపవలసియున్నది.