ఏటి ఒడ్డు పొద – ఏది మందు, ఏది విషం?

"ఆకేరు ఒడ్డున సన్నటి ఆకుల పొద ఉంది. అది విల్లోనేనా? బెరడు కషాయం కీళ్లనొప్పులకు తాగవచ్చా?" అని కురవి పాఠకులొకరు అడిగారు.

విల్లో తేమ నేలల్లో, ఏటిగట్లపై పెరుగుతుంది. ఆకులు కణుపుకు ఒక్కొక్కటే ఉంటాయి. పూలకు రేకులుండవు, సన్నని కంకుల్లా ఉంటాయి. కణుపుకు మూడేసి దళసరి ఆకులుంటే అది గన్నేరు కావచ్చు. అదీ ఏటి ఒడ్డునే పెరుగుతుంది. ఒంటి ఆకులే అయినా, తుంచగానే పాలు కారితే పచ్చగన్నేరని అనుమానించండి. ఈ రెండూ గుండెను ఆపగల విషాలు.

నిజంగా విల్లోయే అయినా దాని బెరడులోని సాలిసిన్ ఆస్పిరిన్ జాతిదే. కడుపులో పుండున్నవారికి, డెంగీ జ్వరానికి అది ప్రమాదం. కనుక కషాయం వద్దు. ఎవరైనా తాగి ఉంటే, బాధ లేదని ఊరుకోక, ఆ కొమ్మతోసహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.