గృహారోగ్యము: తలపేలును గూర్చి



గత మాసమున సౌదీ అరేబియా దేశమందలి జెద్దా నగరమునుండి మా మేనకోడలు ఫోను చేసినది. భర్త ఉద్యోగము నిమిత్తమై ఆమె అచ్చట కాపురమున్నది. తొమ్మిదేండ్ల కూతురి తలలో పేలు కనబడినవని పాఠశాలవారు బిడ్డను ఇంటికి పంపివైచిరట. "మామయ్యా, సిగ్గుతో తల యెత్తుకొనలేకున్నాను. ఇరుగుపొరుగువారికి తెలియకముందే దానికి గుండు చేయించెదను. అడిగినవారితో తిరుపతి మొక్కని చెప్పెదను. దోషమున్నదా?" అని యడిగినది.

పురోహితుడను గనుక దోషమును గూర్చి యడిగినది. నేను మాత్రము ముందుగా పేలను గూర్చియే చెప్పవలసివచ్చినది. ఆమెకు చెప్పినదే ఇచ్చట వ్రాయుచున్నాను. మన మందిరపు సాయంకాల తెలుగు తరగతిలో ఈ పురుగు లేదని ఎవరు ప్రమాణము చేయగలరు?

పేను నువ్వుగింజంత పురుగు. దానికి రెక్కలు లేవు, ఎగురలేదు, దుముకలేదు. ఒక తల మరియొక తలకు ఆనినప్పుడు వెంట్రుక పట్టుకొని ప్రాకిపోవును. అందుచేతనే ఒకే పుస్తకముపై తలలు వంచి చదువుకొను పిల్లలకు, ఒకే చాపపై నిద్రించు అక్కచెల్లెండ్రకు ముందుగా వచ్చును. శుభ్రమైన తల, మురికి తల అను భేదము దానికి లేదు. ఇజ్రాయెల్ దేశమందలి లాకీషు అను పురాతన నగరపు త్రవ్వకములలో 2016లో ఒక ఏనుగుదంతపు దువ్వెన దొరికినది. క్రీస్తుపూర్వము 1700 ప్రాంతమునాటిదని చెప్పుదురు. దానిపై చెక్కిన సన్నని అక్షరములను పండితులు చదివి 2022లో ప్రకటించిరి. తలలోను గడ్డములోను గల పేలను ఈ దంతము ఊడబెరుకవలెనని దాని భావము. ఏనుగుదంతపు దువ్వెన గలవాడు పేదవాడు కాడు గదా!

గుర్తించు విధము: చెవుల వెనుకను, మెడపైని వెంట్రుకలలోను వెలుతురున వెదకవలెను. చుండ్రు వ్రేలితో దులిపిన రాలును. ఈపి రాలదు, వెంట్రుకకు బంకతో అతికినట్లుండును. తలచర్మమునకు దగ్గరనున్నవే బ్రతికియున్న గ్రుడ్లు. ఒక సెంటీమీటరుకన్న దూరమున నున్నవి సాధారణముగా వట్టి డొల్లలు. వానిని చూచి భయపడనక్కరలేదు. మొదటిసారి పేలు పట్టినవారికి దురద నాలుగైదు వారములవరకు రాకపోవచ్చును. కావున బిడ్డ తల గోకుకొను నాటికే పేలు నెలరోజులుగా కాపురమున్నవని తెలియవలెను. ఆనాడు హడావుడిగా బడినుండి వెళ్ళగొట్టుటవలన ఎవరికి లాభము? అమెరికాలోని శిశువైద్యుల సంఘమువారు కూడ పేలున్నంతమాత్రమున బిడ్డను ఇంటికి పంపరాదనియే చెప్పుచున్నారు. టైఫసు జ్వరమును వ్యాపింపజేయునవి ఒంటిపేలు. తలపేలు రోగములను మోయవు.

చికిత్స ఓపికతో కూడిన పని. తల తడిపి, కండిషనరు గాని కొబ్బరినూనె గాని దట్టముగా పట్టించి, సన్నపండ్ల పేలదువ్వెనతో కుదుళ్ళనుండి కొసలవరకు పాయపాయగా దువ్వి, ప్రతిసారి తెల్లని గుడ్డకు తుడువవలెను. 1, 5, 9, 13వ దినములలో నిట్లు చేసి, 17వ నాడు పరీక్షింపవలెను. గ్రుడ్డు వారము పదిదినములలో పగులును గనుక, ఒక్కనాడు దువ్వి విడిచినచో పని చెడును. మందు కావలెనన్నచో 1 శాతము పెర్మెత్రిన్ ద్రవమున్నది. నూనె జిడ్డు లేకుండ తలంటి, తుడిచి, పదినిమిషములుంచి కడిగివేయవలెను. అది గ్రుడ్లనన్నిటిని చంపదు. తొమ్మిదవనాడు మరల పూయవలెను. రెండు మాసములలోపు పసికందులకు కూడదు. కొన్నిచోట్ల పేలు ఈ మందునకు లొంగుటలేదు. అప్పుడు వైద్యుని అడుగవలెను.

మా నాయనమ్మ చెరకుతోట క్యాంపులో మా తలలకు కిరసనాయిలు పూసి గుడ్డ చుట్టెడిది. ప్రక్కనే కిరసనాయిలు దీపము! దైవకృపచే ఎవరికిని నిప్పంటలేదు. ఆ పని ఎన్నడును చేయవలదు. సీతాఫలపు గింజల పొడి ఇంకను మోసకరము. అది కంటిలో పడినచో నల్లగ్రుడ్డుపైని పొర పుండై చూపు మందగించును. కర్పూరము కలిపిన నూనెను పసిబిడ్డ మ్రింగినచో మూర్ఛ వచ్చును. కర్పూరమును హారతికే యుంచుడు.

ఇక గుండు మాట. గుండు చేయించిన పేలు పోవును, నిజమే. కాని తిరుమలలో కల్యాణకట్టయొద్ద తల్లి తలనీలాలిచ్చునది సంతోషముతో. మా మేనకోడలున్న దేశమునకే హజ్ యాత్రకు వచ్చు ముస్లిం పురుషులును శిరోముండనము చేయించుకొందురు. స్త్రీలు మాత్రము కొసలు కొంచెము కత్తిరించుకొందురు. అదియు భక్తితోనే. సిగ్గుచేత, ఏడ్చుచున్న ఆడబిడ్డ జడ తీయించి, దానికి స్వామి పేరు పెట్టుట అబద్ధము. "అమ్మా, దోషము పేలలో లేదు, ఆ మాటలో నున్నది" అని చెప్పితిని. కొంతసేపు ఆమె మాటాడలేదు.

దాచుటవలన మరియొక నష్టమున్నది. ఈ బిడ్డ తల బాగుపడినను, రోజును కలిసి ఆడుకొను బిడ్డ తలనుండి మరల వచ్చును. ఇంటిల్లిపాదిని, ఆటతోడివారిని ఒకేసారి పరీక్షింపవలెను. రెండు దినములలో వాడిన తువ్వాళ్ళు, దిండుగలీబులు వేడినీట ఉతికి ఎండవేసిన చాలును. తలను విడిచిన పేను ఒకటి రెండు దినములకన్న బ్రతుకదు. ఇల్లంతయు మందు చల్లనవసరము లేదు. జడ బిగించి వేయుట, దువ్వెన ఎవరిది వారికుండుట మంచిది. వారమునకొకసారి తల చూచుట అంతకన్న మంచిది.

అచ్చట శుక్ర, శనివారములు సెలవు. మా మేనకోడలు గురువారము సాయంకాలము మొదటి దువ్వుడు ప్రారంభించినది. ఆ రాత్రియే, ఎంతో సంకోచముతో, ప్రక్కయింటి తెలుగామెకు విషయము చెప్పినదట. ఆమె తన ఇద్దరు బిడ్డల తలలు చూచి, "వదినా, నీ పేలదువ్వెన ఒకమారు వేడినీట కడిగి ఇమ్ము" అన్నదట. పదునేడవనాడు, శనివారమున, దువ్వెనకేమియు తగులలేదని ఫోను వచ్చినది. బిడ్డ కూడ మాటాడినది. సెలవులకు మన దీవికి వచ్చినప్పుడు జడకు మల్లెపూలు కావలెనట.