పాత రేడియోలు - మన కర్తవ్యము

నూజివీడు ప్రాంతమున చిన్న రసములకును పెద్ద రసములకును గల మర్యాద, ఆ తోటల యజమానుల యిండ్లలోని పాత యంత్రములకు లేకున్నది. మామిడి కొనవచ్చిన వర్తకుడు చెట్టు చెట్టును చూచి బేరమాడును. పాతసామానుల వర్తకునకు ఆ శ్రమయైనను లేదు. అటుకమీది వాల్వు రేడియోను తూకమున కిచ్చివేయువారే పెక్కురు. కొయ్యపెట్టె అలంకారమునకై నగరములకు పోవుచున్నది. లోపలి యంత్రము రాగి కొరకు పగులగొట్టబడుచున్నది. ఇది తగదని మా దృఢాభిప్రాయము.

1904లో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును, 1906లో డీ ఫారెస్టు మూడవ ధ్రువమును కల్పించిరి. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో వేడెక్కిన ధ్రువమునుండి ఎలక్ట్రానులు వెలువడును. నడుమ నున్న సన్నని వల, కాలువకు తూమువలె, వాని ప్రవాహమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఈ చిన్న తూమువలననే దూరపు మాట మన ముంగిట వినబడినది. 1924లో మద్రాసున ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు సాగించి, ధనలేమిచే 1927లో విరమించెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును వెలసినవి. కరెంటు లేని పల్లెలలో బ్యాటరీ సెట్లు పెట్టుకొని, తపాలా ఆఫీసున లైసెన్సు రుసుము చెల్లించి విన్న తరమది.

1942 ఆగస్టు 27 మొదలు నవంబరు 12న పోలీసులు పట్టుకొనువరకు ఉషామెహతాయు నామె సహచరులును బొంబాయిలో రహస్యముగా నడిపిన కాంగ్రెసు రేడియో పలికినదియు ఈ వాల్వులతోనే. 1954లో బెంగుళూరున స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ వారు పిమ్మట స్వదేశమున వాల్వులను తయారుచేసిరి. విదేశపు ముద్రకు మురిసి, ఆ స్వదేశపు వాల్వులను చెత్తలో వేయువారిని చూడగా మాకు విచారము కలుగుచున్నది.

చేతిలోని ఫోనున లోకమంతయు వినబడుచుండగా ఇవి యేల యని కొంద రడుగుదురు. ఫోను విప్పిన బాలునకు నల్లని బిళ్ళ దక్క వేరేమియు కనబడదు. వాల్వు రేడియోలో ప్రతి తీగయు ఎచటినుండి ఎచటికి పోవుచున్నదో వేలితో చూపవచ్చును. ఇంతకంటె మంచి పాఠ్యగ్రంథము మాకు తెలియదు. వాల్వులకు నేటికిని గిరాకి కలదు. సంగీతయంత్రములకై రష్యా, స్లొవేకియా, చైనాలలో ఇంకను చేయుచునే యున్నారు. అందువలన వాల్వులు పెరికి పెట్టెను పారవేయు దురాచారమును ప్రబలుచున్నది.

పాత సెట్టు కలవారికి మా మనవి. ఏండ్ల తరబడి వాడని దానిని ఉత్సాహముకొద్ది ప్లగ్గులో పెట్టరాదు. లోపలి కాగితపు కండెన్సరులు చెడి విద్యుత్తును కారనిచ్చును. మొదట వాల్వును, ఆ వెనుక ట్రాన్స్‌ఫార్మరును కాలిపోవును. ఆర్పిన పిదపకూడ అందు రెండుమూడు వందల వోల్టులు నిలిచియుండవచ్చును గనుక తెలిసిన మెకానిక్కు దక్క ఇతరులు చేయి పెట్టరాదు. గాజులోపలి వెండివంటి పూత తెల్లబడిన యెడల అందు గాలి చొరబడినదని గ్రహింపవలెను. ఆ వాల్వు పలుకదు. అయినను నమూనాగా దాచదగినదే. మామిడికాయలవలె వీనిని వరిగడ్డిలో పెట్టు వాడుకయు మంచిది కాదు. గడ్డి తేమను పట్టును, చెదలను పిలుచును. పొడిగుడ్డ చుట్టి అట్టపెట్టెలో నుంచిన చాలును. గాజుమీది అంకెలను తుడువరాదు. కొన్ననాటి రసీదు, లైసెన్సు పుస్తకము దొరికినచో సెట్టుతోనే యుంచవలెను.

వీనిని బాగుచేయ నేర్చిన మెకానిక్కులు వృద్ధులైరి. వారి విద్యను వ్రాసి యుంచువారు లేరు. సెట్టు నిలిచియు దానిని పలికించువాడు లేకున్న ఫలమేమి? నూజివీడు ధర్మ అప్పారావు కళాశాలవారు గాని, ఆకాశవాణి విజయవాడ కేంద్రమువారు గాని ఒక పొడిగదిని కేటాయించి, ఆ వృద్ధులకు కొంత వేతనమిచ్చి విద్యార్థులను వారిచెంత కూర్చుండబెట్టవలెను. ధనికులగు తోటల యజమానులకు ఈ వ్యయము భారము కానేరదు. కాపు దిగి తోటపని తగ్గిన దినములలో, వానలు ముదురకమున్నే, ఎవరి యటుకలను వారు ఒకమారు దింపి చూతురు గాక.