నైట్ డ్యూటీ నర్సమ్మకు ఉదయపు నిద్ర దక్కాలి

చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలను చరకాచార్యులు నిర్దేశించారు. పరిచారకునికి ఉపచార జ్ఞానం, దక్షత, అనురాగం, శుచిత్వం ఉండాలన్నారు. వీటిలో వయస్సుతో తరిగేది దక్షత ఒక్కటే. తక్కిన మూడూ అనుభవంతో వృద్ధి పొందేవే. అందుచేత పెద్దవయస్సు నర్సమ్మలను పనిచేయగల స్థితిలో నిలుపుకోవడం రోగులకే మేలు.

ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును తెలంగాణ 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కి పెంచాయి. అరవై దాటిన వయస్సు వాతప్రధానమని చరక మతం. రాత్రి జాగరణ రూక్షత్వాన్ని కలిగించి ఆ వాతాన్నే ప్రకోపింపజేస్తుంది. దీనికి తోడు రోగులను ఎత్తడం, గంటల తరబడి నిలబడడం, తీరిక లేక మూత్రవేగాన్ని ఆపుకోవడం! నా వద్దకు వచ్చే నర్సమ్మలు నడుము నొప్పికి తైలం అడుగుతారు. ఇస్తాను. కాని నిద్ర లేని దేహానికి తైలమొక్కటే ఏం చేయగలదు?

జాగరణ చేసినవారు మేల్కొన్న కాలంలో సగం మరునాటి ఉదయం, భోజనానికి ముందే నిద్రించాలని వాగ్భటాచార్యుల విధి. ఎనిమిది గంటల జాగరణకు నాలుగు గంటల నిద్ర అన్నమాట. (మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం పరగడుపున పడుకోరాదు, ఆహార విషయంలో తమ డాక్టరు సలహా పాటించాలి.) ఈ నాలుగు గంటలు ఎందరికి దక్కుతున్నాయి? డ్యూటీ దిగి ఇల్లు చేరగానే కాఫీలు, క్యారియర్లు, పనిమనిషి పిలుపు, ఫోను. ఇక్కడ దోషం ఆస్పత్రిది కాదు, మన ఇళ్ళది. ఆ ఉదయం వంట ఇంకొకరు చేయాలి. గది చీకటి చేసి, ఆమె అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దించి పడుకోనివ్వాలి. లేచి నడిచే ముందు కాళ్ళు తుడుచుకోవాలి, జారుతుంది. పిక్కలలో నరాలు ఉబ్బి ఉంటే అక్కడ గట్టిగా రుద్దరాదు.

అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ సైతం 2007లో నైట్ షిఫ్టును కాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చి, 2019లో మళ్ళీ అదే చెప్పింది. కనుక యాభై అయిదు దాటినవారికి నైట్ డ్యూటీ తప్పించి, పగటిపూట కొత్తవారికి పని నేర్పే బాధ్యత అప్పగించాలని నా అభిప్రాయం. అది కుదిరేవరకు రోగిని మంచంపై జరపడానికి ఇద్దరు మనుషులు, కూర్చోవడానికి ఒక కుర్చీ, మూత్రవిసర్జనకు పది నిమిషాల విరామం: ఏ యాజమాన్యమైనా రేపటినుంచే ఇవి ఇవ్వవచ్చు.